జీడి తిన్న వేళ్లు

నేను గెలిచిన వాదనల్లో, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కేది ఒకటుంది.

టెక్కలిలో ఒక పాత గ్రంథాలయం మేడమీద, ఆదివారం పూట, పాతికమందిమి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వాదించుకునే అలవాటు మాకు చాలా ఏళ్లుగా ఉంది. ఉద్యోగాలు వదిలేసినవాళ్లం, వాదన వదల్లేనివాళ్లం. ఆ రోజు విషయం 'ఆధునిక సమాజం నిజంగా ముందుకు పోతోందా?' పోతోందనే పక్షం నాది. పోవడం లేదనే పక్షం మా బావది. మా మేనత్త కొడుకు. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగినవాడు. అక్షరం ముత్యం. అభిప్రాయాలు మాత్రం మా తాతగారివి.

బావ లేచి, గొంతు సవరించుకుని, "పూర్వం మనిషికి మనిషి తెలుసు. ఇవాళ మనిషి నంబరు తెలుసు. తేడా అంతే," అన్నాడు. చప్పట్లు మోగాయి. పాత రోజులే మంచివి అన్నవాడికి చప్పట్లు సులువుగా దొరుకుతాయి. ఆ పాత రోజుల్లో గడప బయట నిలబడ్డవాళ్లు ఇలాంటి హాళ్లలో ఎవరూ ఉండరు కనక.

నా వంతు వచ్చినప్పుడు కిరసనాయిలు సంగతి చెప్పాను. కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె మాది. మా నాన్న అర్చకుడు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి డబ్బా పట్టుకుని రేషన్ డిపోకి వెళ్లాను. నాకన్నా ముందొచ్చిన ఆడవాళ్లు ఇరవై, ముప్ఫై మంది ఎండలో నిలబడి ఉన్నారు. డీలరు నన్ను చూసి, "అయ్యగారి అబ్బాయి, ఇలా రండి," అని పిలిచి నా డబ్బా ముందు నింపాడు. ఊరి చివరి వాడ నుంచి వచ్చినవాళ్ల డబ్బాలు నింపేటప్పుడు మాత్రం చెయ్యి పైకెత్తి, డబ్బా తనకు తగలకుండా, మూరెడు ఎత్తు నుంచి పోశాడు. కొంత నేలపాలైంది. నేలపాలైంది కూడా వాళ్ల వాటాలోనే పోయింది. నేను నోరెత్తలేదు. నిండు డబ్బాతో ఇంటికొచ్చాను. తర్వాత జంధ్యం తీసేసినా, నాన్నతో మాటలు పోయినా, వందల వేదికల మీద అరిచినా, ఆ అరుపంతా ఆ రోజు అరవనందుకే.

"మా బావ చెప్పే 'మనిషికి మనిషి తెలియడం' ఇదీ," అన్నాను సభతో. "నేను ఎవరి కొడుకునో తెలుసు కనక ముందు పోశాడు. వాళ్లు ఎవరి కూతుళ్లో తెలుసు కనక పైనుంచి పోశాడు. ఇవాళ డిపోలో వేలిముద్ర యంత్రం ఉంది. దానికి కులం తెలియదు, గోత్రం తెలియదు. వేలు పెట్టు, బియ్యం పట్టుకెళ్లు. ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. ఇది పురోగతి కాకపోతే మరేది?"

ఈసారి చప్పట్లు నావి. ఇంటికి తిరిగొచ్చే పలాస బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఉపన్యాసాన్ని నాకు నేను మరోసారి ఇచ్చుకున్నాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

మూడో రోజు పొద్దున్న ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

మా వెనక వీధి మనిషి. యాభై దాటాయి. జీడి షెడ్డులో పిక్కలు కొట్టే పని. భర్త పోయి చాలా కాలమైంది. కూతురు ఇచ్ఛాపురం అవతల అత్తవారింట ఉంది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను కనక ఆ వీధిలో అందరికీ మేస్టార్నే.

"మేస్టారూ, ఈ మెసేజీ ఏటో సదివి సెప్పండి. డీలరు సెప్పినాడు గానీ ఆడి మాట నాకు నమ్మకం నేదు," అని ఫోను అందించింది.

చదివాను. డీలరు అబద్ధమాడలేదు. నెలాఖరులోగా వేలిముద్ర వేసి వివరాలు సరిచూపించుకోకపోతే కార్డులోంచి పేరు తీసేస్తారు. ఆ కార్డులో ఉన్నది ఆమె పేరొక్కటే. పేరు పోతే కార్డే పోతుంది. కార్డు పోతే బియ్యం పోతుంది.

"అయితే వెళ్లి వేలు పెట్టు. ఎంతసేపటి పని?" అన్నాను.

"పెట్నాను. ముద్ర పడ్నేదు."

"ఇంకో వేలు పెట్టకపోయావా?"

"పదీ పెట్నాను మేస్టారూ. కాలేళ్లు కూడా పెట్టమంతావేటని అడిగినాను. డీలరు నవ్వినాడు. నవ్వితే బియ్యం వత్తాయేటి?"

చేతులు చాపింది. ఆ చేతులు బిందె ఎత్తుతుండగా మా వీధి కుళాయి దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాను. అరచేతులు తిప్పి చూడడం అదే మొదలు. వేళ్ల కొసలు నల్లగా, బొగ్గు రాసినట్టు ఉన్నాయి. నలుపు కింద చర్మం పొరలుగా లేచి ఉంది. లేచిన చోట కింద గులాబీ రంగు కొత్త తోలు, నున్నగా, గాజు మీద నీటి చుక్కలా. గీత అనేది ఎక్కడా లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. జీడిపప్పు చెట్టు మీద తెల్లగా వేలాడదు. గట్టి పిక్కలో ఉంటుంది. ఆ పిక్కను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ కత్తెర లాంటి మరలో పెట్టి కాలితో తొక్కితే రెండుగా చీలుతుంది. చీలినప్పుడు తొక్కలోంచి జీడి అనే నల్లటి నూనె కారుతుంది. అది పడ్డ చోట తోలు కాలుతుంది. ఆముదం రాసుకుంటారు, బూడిద అద్దుకుంటారు. అయినా కాలుతుంది. ఆమె మునుపు పొట్టు తీసే పనిలో ఉండేది. ఆ పనికి వేళ్లు బాగానే ఉంటాయి గానీ కళ్లు కావాలి. కంటికి శుక్లం వచ్చాక పొట్టు తీసే బల్ల దగ్గర నుంచి పిక్కలు కొట్టే మర దగ్గరికి పంపించారు. ఎడం చేతి ఉంగరం వేలొక్కటి ఎప్పుడో ఓసారి పడుతూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. కిందటి నెల నుంచి అదీ ఆగిపోయింది.

ఆమెను తీసుకుని డిపోకి వెళ్లాను. డీలరు చెడ్డవాడు కాదు. నాకు కుర్చీ వేయబోయాడు. వద్దని ఆమె పక్కనే నిలబడ్డాను. అద్దం మీద వేలు పెట్టింది. ఎర్ర దీపం. తుడిచి పెట్టింది. ఎర్ర దీపం. కంటిని చూసే యంత్రం తెచ్చి కళ్ల దగ్గర పెట్టాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. అది రెండింటినీ ఒప్పుకోలేదు.

"నాకు తెలీదేటి మేస్టారూ? పదేళ్ల బట్టి ఈయమ్మకి బియ్యం ఇత్తన్నది నానే కదా," అన్నాడు డీలరు. "నాను ఒప్పుకుంతే సాలదు. మిషను ఒప్పుకోవాల."

మా బావ అక్కడ లేడు. ఉంటే ఆ మాటకి చప్పట్లు కొట్టేవాడు.

నేను ఓటమి ఒప్పుకునే మనిషిని కాను. ఇంటికి వచ్చి ఆలోచించి ఆమెకు ఒక మార్గం చెప్పాను. చర్మం పన్నెండు, పదిహేను రోజుల్లో కొత్తది వస్తుంది. గీతలతో సహా వస్తుంది. అది శాస్త్రం. అందుకని నెలాఖరు దాకా పిక్కలు ముట్టుకోకూడదు. పొద్దున, సాయంత్రం గోరువెచ్చటి నీళ్లతో చేతులు కడగాలి. మెత్తటి పొడిబట్టతో అద్దాలి, రుద్దకూడదు. కొబ్బరినూనె రాయాలి. బూడిద తాకకూడదు. యంత్రం దగ్గరికి ఉదయం పూటే వెళ్లాలి, వేళ్లు చల్లగా ఉన్నప్పుడు. ముందు ఎడం చేతి ఉంగరం వేలు, తర్వాత కుడి చేతిది. వేలు పెట్టాక కదలకూడదు, మాట్లాడకూడదు.

ఆమె శ్రద్ధగా వింది. లోపల కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తి ఆపి, "దర్భ ఉంగరం ఒకటి తక్కువైంది. అది కూడా చెప్పెయ్యండి," అంది.

"ఏమిటి నీ ఉద్దేశం?"

"ఏం లేదు. మావగారు వ్రతాలకి ఇలాగే చెప్పేవారు. స్నానం ఎప్పుడు, మడిబట్ట ఏది, ముందు ఏ చెయ్యి, మాట్లాడకూడదు అనీ. గొంతు కూడా అచ్చం ఆయనదే."

కోపం వచ్చింది. మా నాన్నది నమ్మకం, నాది శాస్త్రం అని గట్టిగానే చెప్పాను. ఆవిడ మళ్లీ వంకాయ అందుకుంది.

షెడ్డులో మేస్త్రి, మర ఖాళీగా ఉంటే ఇంకొకరిని కూర్చోబెడతానన్నాడట. అయినా ఆమె పన్నెండు రోజులు పని మానేసింది. ఆ పన్నెండు రోజులూ పొయ్యి ఎలా వెలిగించిందో నేను అడగలేదు. అడగాలని తోచలేదు. రోజూ మా అరుగు మీదకి వచ్చి వేళ్లు చూపించేది. నేను భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. ఎనిమిదో రోజు ఉంగరం వేలి మీద మూడు గీతలు కనిపిస్తే, పరీక్షల్లో మా బడికి మొదటి ర్యాంకు వచ్చినంత సంబరపడ్డాను.

మధ్యలో ఒక రోజు రాలేదు. మర్నాడు వస్తే నుదుట విబూది ఉంది.

"నిన్న ఎక్కడికి వెళ్లావు?"

"రావివలస. ఎండల మల్లన్నకి మొక్కుకొచ్చినాను. ముద్ర పడితే కొబ్బరికాయలు కొడతానని."

"నీ వేలికీ ఆ రాయికీ ఏమిటి సంబంధం?" అని మొదలుపెట్టాను. పది నిమిషాలు మాట్లాడాను. ఆమె వింది. విని, "ఆయన ఎండలో కూకుంతాడు, నానూ ఎండలో పిక్కలు ఆరబెడతాను. అదే సమ్మందం," అంది.

పన్నెండో రోజు ఉదయం, వేళ్లు చల్లగా ఉన్నప్పుడు, నేను చెప్పిన వరసలో వేళ్లు పెట్టింది. ఊపిరి కూడా బిగబట్టింది. ఎర్ర దీపం. ఎర్ర దీపం. పదోసారికి డీలరు తల వంచుకుని త్రాసు తుడవడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక ఆమె ఏడుస్తుందనుకున్నాను. పకపకా నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"మీరు సెప్పిన కొబ్బరినూనె రాసినాను. మల్లన్న ఇబూది కూడా రాసినాను. ఆ మాట మీకు సెప్పనేదు. ఇద్దరిదీ ఒకటే పలితం కదేటి!"

ఆ నవ్వు నన్ను కాల్చింది. ముప్ఫై ఏళ్లు పిల్లలకి నేను ఏం చెప్పాను? ఉష్ణమాపకం తప్పు చూపిస్తే నీళ్లను తిట్టకండి, ముందు పరికరాన్ని అనుమానించండి అని చెప్పాను. ఇక్కడ పన్నెండు రోజులు ఆమె వేలిని కడిగించాను, తుడిపించాను, నూనె రాయించాను. ఒక్క పూట కూడా యంత్రాన్ని అనుమానించలేదు. తప్పు వేలిదేనని ఆమెకన్నా ముందు నేనే ఒప్పేసుకున్నాను. నియమాలు పెట్టాను. అవి ఫలించకపోతే నియమంలో ఏదో లోపం జరిగిందనుకునేవాణ్ణి. మా ఆవిడ వంకాయ తరుగుతూ చెప్పింది అక్షరాలా నిజం. రాతి దేవుణ్ణి ప్రశ్నించిన నేను గాజు దేవుడి ముందు పౌరోహిత్యం చేశాను.

మన కాలం పెద్ద మోసం ఇదే. పొద్దున లేచి ఫోనులో రాశిఫలం చూసుకుని, అదే ఫోనులో వర్జ్యం తప్పించుకుని, నాలుగు వరసల రోడ్డు మీద కారుకి నిమ్మకాయ కట్టుకుని పోతూ, మేం ముందుకు పోతున్నాం అంటాం. పరికరం మారింది. దాని ముందు చేతులు కట్టుకోవడం మారలేదు. కొబ్బరితోటలో చెట్టెక్కే మనిషి నడుముకి కూడా ఫోనుంది, నిజమే. ఆ ఫోనులోంచి "నువ్వు లేవు" అని కబురొస్తే తిరిగి "ఎందుకు లేను?" అని అడిగే చోటు ఏది?

ఆ సాయంత్రమే బావ దిగాడు. కబురు టెక్కలి దాకా ఎలా వెళ్లిందో గానీ వెళ్లింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"ఏటి బావా, కులం తెలియని నీ యంత్రానికి మనిషి కూడా తెలియలేదటగా?"

"నీకు తెలిసిన మనిషితనం కన్నా నయమే. మూరెడు ఎత్తు నుంచి పోసిన రోజులు కావాలేం నీకు?"

"నేను పొయ్యలేదు కదా!"

"పోస్తుంటే చూశావు. నేనూ చూశాను. అందుకే ఆ రోజులు మంచివని నా నోటితో చెప్పించలేవు. యంత్రం తప్పు చేసినంత మాత్రాన నీ డీలరు ఒప్పైపోడు."

"మరి ఓడిపోయానని ఒప్పుకో."

"ఒప్పుకోను. నీ పక్షానికి మాత్రం చచ్చినా రాను."

అరుగు మీద కూర్చున్న ఆమె అప్పటిదాకా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇక లేచింది.

"బాబూ, మీ బావా బావా తగువులు నాలుగు రోజులు ఆపండి. నెలాకరుకి నా పేరు ఎలిపోతాది. మీ ఇద్దరిలో ఎవులు నెగ్గితే నా పేరు ఉంతాదో అది సెప్పండి, ఆలకి నాను సప్పట్లు కొడతాను."

బావ చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు.

గుమాస్తా బుర్ర గుమాస్తా బుర్రే. ఏ నిబంధనకైనా పక్కన సన్నటి సందు ఒకటి ఉంటుందని వాడికి తెలుసు. ముద్ర పడనివాళ్లకి వార్డు సచివాలయం ఉద్యోగి విచారణ చేసి, తన వేలు పెట్టి, ఈ మనిషి ఈ మనిషేనని చెప్పే వీలు ఉందని పాత స్నేహితులకి ఫోను చేసి కనుక్కున్నాడు. ఉన్న వీలుని ఎవరూ వాడరని కూడా వాళ్లే చెప్పారట. అర్జీ రాశాడు. ముత్యాలు. 'విన్నవించుకొనునదేమనగా' అని మొదలుపెడితే, విన్నపం తీసెయ్యమని నేను పట్టుబట్టాను. 'తెలియజేయునది' అని మార్చాడు, మొహం మాడ్చుకుంటూ.

మర్నాడు ముగ్గురం సచివాలయానికి వెళ్లాం. బల్ల వెనక ఉన్న ఉద్యోగి చిన్నపిల్ల. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. అర్జీ మొత్తం చదివి, "కింద వేలిముద్ర వేయించండి సార్," అంది.

"ఈమె వేలిముద్ర పడడం లేదనే కదమ్మా అర్జీ," అన్నాడు బావ.

"అవును సార్. ఆ మాట ఈమె చెప్పినట్టు రుజువు ఉండాలి కదా. ముద్ర వేస్తే తీసుకుంటాను."

ఇంకు పెట్టె జరిపింది. ఆమె బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. గీతలేని నల్లటి మచ్చ పడింది. ఆ పిల్ల దాన్ని చూసి, తలూపి, స్టాంపు కొట్టింది. కాగితానికి మచ్చ చాలింది.

"మరి ఈ అద్దానికి ఏటి రోగం?" అంది ఆమె యంత్రం వైపు చూపించి. ఆ పిల్లకి నవ్వొచ్చింది, ఆపుకుంది.

"ఈమె ఈమేనని ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను," అన్నాడు బావ ఛాతీ విరిచి.

"మీ ఆధార్ కార్డు ఇవ్వండి సార్."

తేలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊరందరికీ 'ఇతను ఫలానా' అని కాగితాలు రాసిన మనిషి, తను ఫలానా అని చూపించుకోలేక జేబులు తడుముకున్నాడు. ఆ క్షణంలో వాణ్ణి ఒక మాట అనే అవకాశం వదులుకున్నందుకు నన్ను నేను మెచ్చుకుంటాను. నా కార్డు తీసి ఇచ్చాను.

ఆ పిల్ల చాలాసేపు కంప్యూటర్లో చూసింది. "ఆప్షన్ ఉంది సార్. కానీ మా వాళ్లెవరూ పెట్టలేదు. వద్దు సార్, వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలకి పేరుండదు. సరే, పెట్టనక్కర్లేదు. ఒక్క ముక్క రాసి ఇవ్వు," అన్నాను. "'ఈ మనిషి నా బల్ల ముందు నిలబడి ఉంది, నేను కళ్లతో చూశాను, అయినా ఈమె లేదు' అని రాసి సంతకం పెట్టు. మేం వెళ్లిపోతాం."

"అలా ఎలా రాస్తాం సార్?"

"రాయలేని మాటని ఎలా చేస్తావు?"

గొంతు పెరిగింది. పక్క బల్లల వాళ్లు తలెత్తారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు తగ్గించి, మా ముగ్గురికే వినిపించేలా అంది: "సార్, మీకు తెలీదు. నేను నా వేలు పెడితే రేపు పైనుంచి అడుగుతారు, ఎందుకు పెట్టావని. పెట్టకపోతే ఎవరూ అడగరు."

నేను టెక్కలి మేడమీద గంటసేపు వెతికినా దొరకనిది ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పింది. పాత డీలరుని ఎవరూ అడగలేదు, అందుకే పైనుంచి పోశాడు. కొత్త యంత్రాన్ని ఎవరూ అడగరు, అందుకే ఎర్ర దీపం వెలిగిస్తుంది. ఆ డిపో నుంచి ఈ అద్దం దాకా మనం నడిచిన దూరం ఎంతైనా కావచ్చు, కాదన్నవాడు జవాబు చెప్పనక్కర్లేని చోటికే మళ్లీ వచ్చి నిలబడ్డాం. అవునన్నవాడికి సంజాయిషీ, కాదన్నవాడికి శాంతి. ఈ లెక్క తిరగబడిన రోజున పురోగతి అనే మాట వాడదాం. అంతవరకూ మనకి ఉన్నవి కొత్త పరికరాలు మాత్రమే.

నేను ఏదో అనబోయేలోపు ఆమె బల్ల మీదికి వంగింది.

"ఎవులూ అడగరని నీకెవులు సెప్పినారమ్మా? నానడగనేటి? ఇదిగో, అడుగుతన్నాను. నా పేరెందుకు తీసేత్తావు?"

ఎంతో మామూలుగా అడిగింది. కుళాయి దగ్గర బిందె ఎవరు జరిపారని అడిగినట్టు. ఆ పిల్ల ఆమె చేతుల వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది. పేరు టైపు చేసి, వివరాలు నింపి, తన బొటనవేలు అద్దం మీద పెట్టింది. ఆకుపచ్చ దీపం.

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను కుర్చీ జరిపి లేచాను. నెగ్గాం, ఇంటికి వెళ్లి కాఫీ తాగుదాం అన్నదే నా ఆలోచన. నా రకం మనుషుల జబ్బు ఇది. ఒక ఉదాహరణ నెగ్గితే సమస్య తీరినట్టు.

ఆమె లేవలేదు.

"మరి మా షెడ్డులో ఆడోల్ల సంగతేటి? ఆలకీ ఏల్లు ఇలాగే ఉన్నాయి."

"వాళ్లది తర్వాత చూద్దాం పెద్దమ్మా," అంది ఆ పిల్ల.

"తరవాతంతే?"

"సోమవారం రమ్మనండి. కానీ అందరికీ అవుతుందని చెప్పలేను."

ఆమె నా వైపు తిరిగింది. "మేస్టారూ, సోమవారం రమ్మన్న మాట కాయితం మీద రాసిమ్మని అడగండి. మీకు బాగా వచ్చు కదా, అలాగ అడగడం."

బావ పడీ పడీ నవ్వాడు. ఆ పిల్ల కూడా నవ్వి, చిన్న చీటీ మీద వారం రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఆ చీటీ ఆమె రవికెలో దాచుకుంది.

సోమవారం పదకొండు మంది వచ్చారు. వస్తామన్నవాళ్లు ఇంకా ఎక్కువే గానీ, ఒక్కసారే అన్ని మరలు ఖాళీ చేస్తే ఊరుకోనని మేస్త్రి బెదిరించాడట. వచ్చినవాళ్లందరివీ అవే చేతులు. నల్లటి కొసలు, గులాబీ పొరలు. బావ ఈసారి ఆధార్ కార్డు మెడలో వేలాడేసుకుని వచ్చాడు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఒక్కొక్కరి పేరూ అడిగి అర్జీలు రాస్తున్నాడు. "మీ ఆయన పేరేటమ్మా?" అంటే ఒకామె, "ఆడి పేరెందుకు? ముద్ర నాది కదేటి?" అంది. బావ ఆగి, ఆలోచించి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు. వాడి జీవితంలో ఖాళీగా వదిలిన మొదటి గడి అదే అయ్యుంటుంది.

పదకొండింటికి సర్వరు పోయింది. ఇవాళ రాదు, రేపు రమ్మన్నారు లోపలి నుంచి.

"రేపు రాం. ఈయేల పని మానేసి వచ్చినాం," అంది ఆమె. చీటీ తీసి కిటికీలోంచి చూపించింది. "సోమారమని రాసినారు. ఇంకా సోమారమే."

అందరూ కూర్చున్నారు. నేనూ నేల మీద కూర్చున్నాను. ఎవరో చద్దన్నం మూట విప్పారు, ఎవరో జలంత్రకోటలో పెళ్లి కబుర్లు మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చింది. ఒకరిద్దరు జరిగారు గానీ ఎవరూ లేవలేదు. లోపలి వాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి చూసి వెళ్లారు. నాలుగు దాటాక సర్వరు వచ్చింది.

మూసేవేళకి ఏడుగురివి అయ్యాయి. నలుగురివి మిగిలిపోయాయి. ఆ నలుగురి అర్జీల మీద తేదీ, వేళ, కాకపోవడానికి కారణం ఆ పిల్ల చేతే రాయించుకున్నాం. ఈసారి ఆ మాట నేను అడగలేదు. నలుగురూ ఎవరికి వాళ్లే అడిగి రాయించుకున్నారు. కాగితాలు మడతపెట్టుకుంటూ, రేపు ఎన్నింటికి తలుపులు తీస్తారని జవానుని అడుగుతున్నారు.